నూరు బంతులు

చోషి
1966 సెప్టెంబరు 4

అన్నయ్యకి,

మొన్న పదకొండు గంటల రైల్లో నువ్వు దిగుతావనుకుని స్టేషన్‌కి వెళ్ళాను. నల్ల కోటు వేసుకున్న మీ బేస్‌బాల్ క్లబ్ మనిషి దిగాడు. చేతిలో తెల్ల గుడ్డ చుట్టిన అస్థికల పెట్టె ఉంది. మన ఇంటి గుమ్మంలో తల వంచితే తప్ప లోపలికి పట్టని తొషియొ ఆ పెట్టెలో పట్టాడు.

ఆ మనిషి ఇసె అత్త ముందు చాప మీద నుదురు ఆనించి అన్న మాటలు ఇవి. "అమ్మా, మీ అబ్బాయి ఆఖరి క్షణం దాకా మరొక్కటి, మరొక్కటి అని అరుస్తూనే ఉన్నాడు. అలాంటివాణ్ణి కన్నందుకు మీరు గర్వపడాలి." అత్త కూడా వంగి దండం పెట్టింది. పైగా అతనికి టీ పోసింది. వంటింట్లో కెటిల్ నా చేతిలోనే ఉంది. ఎలా ఆపుకున్నానో నాకే తెలియదు.

ఈ రోజు పొద్దున్న చేపలు డబ్బాలకెక్కించే మా కానరీలో కానాగంతల బల్ల దగ్గర అత్త పనిలోకి వచ్చేసింది. చేప కడుపు చీరుతూ పక్కనున్న వాళ్ళందరికీ చెప్పింది. "మా తొషి చివరిదాకా అరిచాడట." ఆ చివరి నుంచి ఈ చివరికి నలభై మంది ఆడవాళ్ళం. మధ్యాహ్నానికి నలుగురైదుగురు అదే మాట మళ్ళీ ఆవిడకే చెప్పి ఓదారుస్తున్నారు.

నాకు మాత్రం ఒకటి మింగుడు పడడం లేదు. బంతి పట్టినవాడే మరొక్కటి అని అరవాలి, అరిస్తేనే కోచ్ ఇంకొకటి కొడతాడు. ఈ పద్ధతి ఏ పెద్దమనిషి బుర్రలో పుట్టిందో గానీ గొప్ప తెలివి. కొట్టేవాడు కొడుతూనే ఉంటాడు, పోయాక అడిగింది వాడే అంటాడు. మా ఫోర్‌మన్ కూడా ఇంతే. అదనపు గంటల కాగితం మీద "నా ఇష్టపూర్వకంగా" అని మా చేతే రాయిస్తాడు.

ఆ రోజు ఏం జరిగింది? మీకు నీళ్ళు ఇచ్చారా? తొషియొ పక్కన ఎవరున్నారు? అమ్మ పోయినప్పటినుంచి మనిద్దరికీ అన్నం పెట్టింది ఇసె అత్త. నువ్వూ వాడూ ఆవిడ పొయ్యి దగ్గర ఒకే గిన్నెలో తిని, ఒకే ఏడు ఎంపిక పరీక్షకి వెళ్ళి, ఒకే క్లబ్ రెండో జట్టులో చేరారు. అందుకని ఆవిడకి నువ్వు చెప్పాలి, నల్ల కోటు మనిషి కాదు.

నలభై తొమ్మిదో రోజు కర్మకైనా వస్తావా?

నొబుయె


హిమెజి, రెండో జట్టు హాస్టల్
1966 సెప్టెంబరు 22

నొబుయెకి,

నీ ఉత్తరం వచ్చి పదిహేను రోజులైంది. కోపంగా ఉంటావని తెలుసు. వాడి పెట్టె తెచ్చిన రోజు మ్యాచ్ ఉంది, వెళ్ళడానికి వీల్లేదన్నారు. నలభై తొమ్మిదో రోజుకి కూడా కుదరదు.

డాక్టరు గుండె పుట్టుకతోనే బలహీనం అన్నాడు. ఎండ బాగా ఉంది. నీళ్ళు తాగితే ఒళ్ళు బరువెక్కుతుందని ఇక్కడ ఎవరికీ ఇవ్వరు. అది నీకు కొత్త సంగతేం కాదు, మన బడిలో కూడా అంతేగా. ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

ఇన్నాళ్ళూ నేను రెండో బేస్ దగ్గర నిలబడేవాణ్ణి. ఇప్పుడు నన్ను షార్ట్‌కి మార్చారు. రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య, తొషియొ నిలబడే చోటుకి. పనివాళ్ళు రోజూ పొద్దున్నే రోలరు లాగి నేల చదును చేస్తారు. మధ్యాహ్నమయ్యేసరికి నా కాళ్ళ కింద ఒక గుంట పడుతుంది. నా అడుగుల గుంట కాదది. నేను పాదాలు దగ్గరగా పెట్టుకుంటాను, వాడు ఎడంగా పెట్టేవాడు. గుంట ఎడంగానే పడుతుంది.

ఇంకోటి. నేను బంతి పట్టి మరొక్కటి అని అరిచాక, అర క్షణం ఆలస్యంగా ఎడమ పక్కనుంచి మళ్ళీ అదే మాట వస్తుంది. గోడకి తగిలి వెనక్కి వస్తోందనుకున్నాను. ఆ పక్క గోడ లేదు, నది ఉంది.

నిద్ర తక్కువై అలా ఉంటుందిలే. అత్తకి చెప్పకు. తవ్వకు నొబుయె. తవ్వితే ఎవరికీ మంచిది కాదు.

మొరిహికొ


చోషి
1966 అక్టోబరు 18

అన్నయ్యకి,

తవ్వొద్దన్నావు కాబట్టి తవ్వాను.

కిందటి నెలాఖరున మా బాయిలర్ గది పక్కన ఇద్దరు ఆడవాళ్ళు కళ్ళు తిరిగి పడిపోయారు. ఫోర్‌మన్ "రాత్రిళ్ళు సరిగ్గా పడుకోరు, పగలు పడతారు" అన్నాడు. నేను పట్టణ గ్రంథాలయానికి వెళ్ళి వేడికి మనిషి ఒంట్లో ఏమవుతుందో రాసిన పుస్తకం తీసుకున్నాను. సగం మాటలు అర్థం కాలేదు. నిఘంటువు పక్కన పెట్టుకుని రెండు ఆదివారాలు చదివాను. చెమట ఆగిపోతుంది, నాలుక గట్టిపడుతుంది, తర్వాత మాట పోతుంది, ఆ తర్వాత మనిషి పోతాడు. వరస అదీ. గుండె బలహీనమూ లేదు, వంకాయా లేదు.

ఆ పుస్తకం పట్టుకెళ్ళి బల్ల దగ్గర గట్టిగా చదివాను. మర్నాడు ఇరవైమందిమి కత్తులు కింద పెట్టాం. బార్లీ నీళ్ళ పీపా తెచ్చి మా పక్కన పెట్టేదాకా ఎత్తలేదు. రెండు గంటల్లో తెచ్చారు. దేశం ఏమీ మునిగిపోలేదు.

ఇప్పుడు అసలు సంగతి. కార్మిక శాఖకి అర్జీ రాశాను. నాలుక గట్టిపడి మాట పోయినవాడు చివరిదాకా అరవలేడని, క్లబ్ అబద్ధం చెబుతోందని, కుర్రాడు అడగకపోయినా కోచ్ కొడుతూనే ఉన్నాడని రాశాను. ఇసె అత్త సంతకం ముద్ర వేసింది. వేసే ముందు నా చెయ్యి పట్టుకుంది.

"అన్నీ రాయవే అమ్మాయ్. నీళ్ళివ్వలేదని రాయి, ఎండలో నిలబెట్టారని రాయి. వాడు అరవలేదని మాత్రం రాయకు. అరిచాడు వాడు. ఆ పెద్దమనిషి వచ్చి చెప్పాడు కదా."

"అత్తా, అరిచాడంటే తప్పంతా వాడిదే అవుతుంది."

"అయితే అవనీ. వాడిదని నాకు మిగిలింది అదొక్కటే."

ఆవిడకి చెప్పకుండా ఆ వాక్యం నేను అర్జీలో ఉంచేశాను. నాకు ఇంకో దారి లేదు. ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది ఒకే ఒక్క పని. తొషియొ గొంతు ఎప్పుడు ఆగిపోయిందో ఒక కాగితం మీద రాసి పంపు. నువ్వు మైదానంలోనే ఉన్నావని నాకు తెలుసు.

ఇక్కడ చలి మొదలైంది. అత్త నీకోసం ఊలు చేతితొడుగులు అల్లుతోంది. కుడిచేతిది పూర్తయింది.

నొబుయె


హిమెజి
1966 నవంబరు 9

నొబుయెకి,

నీ అర్జీ ఇక్కడికి చేరింది. క్లబ్ ఆఫీసుకి పిలిచారు. మేనేజరు, కోచ్, ఇంకెవరో కళ్ళద్దాల ఆయన. బల్ల మీద నీ చేతిరాత చూశాను. ఎంత గట్టిగా నొక్కి రాశావంటే వెనక పేజీ మీద కూడా అచ్చు పడింది.

"మీ చెల్లెలు చాలా చదువుకున్నట్టుందే" అన్నాడు కోచ్.

"బడి మానేసింది, సొంతంగా చదువుకుంది" అన్నాను.

"అదీ సంగతి" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు, అది మాత్రం నమ్ము.

నా చేత ఒక కాగితం మీద సంతకం చేయించారు. తొంభై నాలుగో బంతి దాకా పిలుపు వినబడిందని ఆ కాగితంలో ఉంది. నొబుయె, అది అబద్ధం కాదు. వినబడింది. మైదానంలో ఉన్నవాళ్ళు ఎవరైనా అదే చెబుతారు.

వచ్చే ఫిబ్రవరి నుంచి మొదటి జట్టుతో శిక్షణకి రమ్మన్నారు. సంతకానికీ దానికీ సంబంధం లేదు. షార్ట్‌లో ఆడే పెద్దాయనకి మోకాలు పోయింది, అందుకని.

ఎడమ పక్క గొంతు ఇంకా వస్తోంది. ఇప్పుడు మ్యాచ్‌లో కూడా వస్తోంది. నిన్న గాల్లోకి లేచిన బంతికి "నాది" అని అరిచాను. పక్కనుంచి ఇంకెవరో "నాది" అన్నారు. ఆగిపోయాను. బంతి ఇద్దరి మధ్య పడింది. ఇద్దరమని రాశాను కదూ. అక్కడ నేనొక్కణ్ణే ఉన్నాను.

కోపం తగ్గాక రాయి.

మొరిహికొ


చోషి
1966 నవంబరు 20

కసె మొరిహికొ గారికి,

మీ సంతకం పుణ్యమా అని అర్జీ మూసేశారు. "మృతుడి సొంత ఊరివాడు, బాల్య స్నేహితుడు అయిన ఆటగాడి వాంగ్మూలం ప్రకారం" అని మొదలుపెట్టారు. మా కానరీకి కూడా ఎవరో ఫోన్ చేశారు. నన్ను బల్ల దగ్గరనుంచి తీసి, కింద పొలుసులు కడిగే గదికి పంపారు. కిటికీ లేదు. బార్లీ నీళ్ళ పీపా కూడా అంత దూరం రాదు.

మీరు మొదటి జట్టుకి వెళుతున్నారని పత్రికలో రెండు వరుసలు పడింది. ఇసె అత్త అది ఎవరి చేతో చదివించుకుని, కత్తిరించి తొషియొ ఫొటో పక్కన పెట్టింది. "మా తొషి చోట మొరి ఆడతాడు. పరాయివాడు కాదు కదా" అంది.

ఎడమచేతి తొడుగు కూడా పూర్తయింది. అత్త పంపమంది కాబట్టి పంపుతున్నాను. నేనైతే పంపేదాన్ని కాదు.

కసె నొబుయె


శిక్షణ శిబిరం నుంచి
1967 ఫిబ్రవరి 12

నొబుయె,

తొడుగులు సరిపోయాయి. అవి వేసుకున్న చేతులతో ఇంక దాచలేకపోతున్నాను. అందుకే రాస్తున్నాను.

ఆ రోజు తొషియొ పక్కన ఉన్నది నేనే. మా కోచ్ పద్ధతిలో జంటగా నిలబడాలి. మూడడుగుల ఎడం. ఒకడికి ఒక బంతి, రెండోవాడికి ఒక బంతి, అలా చెరొక నూరు. పట్టిన ప్రతిసారీ మరొక్కటి అని అరవాలి. ఇద్దరిలో ఎవరి గొంతు ఆగినా లెక్క ఇద్దరికీ మళ్ళీ ఒకటినుంచి మొదలవుతుంది. ఆ మధ్యాహ్నం అప్పటికే రెండుసార్లు మొదటికొచ్చాం. మొదటిసారి నలభై దగ్గర వాడి గొంతు పోయింది, రెండోసారి డెబ్భై దగ్గర నాది.

మూడోసారి అరవై దాటాక వాడు బంతి పట్టాడు, నోరు తెరిచాడు, గొంతులోంచి ఏమీ రాలేదు. నా వైపు చూశాడు. వాడి బదులు నేను అరిచాను. ఇద్దరిదీ ఒకే ఊరి యాస, ఒకే బడిలో అరిచి అరిచి గరుకెక్కిన గొంతులు. కోచ్ ఎండకి కళ్ళు చికిలించుకుని నలభై అడుగుల అవతల ఉన్నాడు. పిలుపు వస్తే చాలు ఆయనకి. ఎవరి నోట్లోంచి వచ్చిందో చూడడు. ఇంకో బంతి కొట్టాడు.

ఇలాంటప్పుడు పక్కవాడి గొంతు అందుకోవడం హాస్టల్‌లో అందరూ చేసేదే. అలా చెయ్యనివాణ్ణి మనిషిగా చూడరు. నేను వాడికి సాయం చేస్తున్నాననుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం, మళ్ళీ ఒకటినుంచి మొదలుపెడితే నా కాళ్ళు నిలవవని భయం. తొంభై నాలుగు దాకా వాడి వంతు అరుపులన్నీ నావే. తొంభై అయిదోది వాడు పట్టలేదు. బంతి ఛాతీకి తగిలింది. ముందుకి పడ్డాడు.

నీ పుస్తకం నిజమే చెప్పింది. నా కాగితం కూడా నిజమే. పిలుపు వినబడింది. అది నాది.

దీంతోపాటు ఇసె అత్తకి వేరే ఉత్తరం పెట్టాను. అంతా రాశాను. ఆవిడకి చదవడం రాదు కదా, నువ్వు చదివి వినిపించు. నీ అంత సూటిగా ఇంకెవరూ చదవలేరు. తర్వాత ఆవిడ ఏమంటే అది. ఆడొద్దంటే మానేస్తాను.

మొరిహికొ


చోషి
1967 మార్చి 5

అన్నయ్యకి,

నీ ఉత్తరం అందింది. ఆదివారం మధ్యాహ్నం అత్త ఇంటికి వెళ్ళి చదివాను. అత్త చివరిదాకా విన్నది.

ఆడమంది. బాగా తినమంది. ఎండుచేపల కట్ట ఒకటి ఇచ్చింది, పంపుతున్నాను. గాలి తగిలేలా వేలాడదీసుకో. ఇక్కడ సముద్రం మీద మంచు పడుతోంది, పడవలు వెళ్ళడం లేదు.

నేను బాగానే ఉన్నాను. వేరే పని దొరికితే మారదామనుకుంటున్నాను. ఆరోగ్యం చూసుకో.

నొబుయె


హిమెజి
1967 సెప్టెంబరు 28

నొబుయెకి,

నీ మార్చి ఉత్తరం చిన్నదే అయినా ఈ ఏడాదంతా నా చొక్కా లోపలి జేబులోనే ఉంది. ఆ తర్వాత నువ్వు రాయలేదు. అత్త నన్ను ఆడమందన్న మాట ఒక్కటి చాలు నాకు.

చాలునని అబద్ధం చెప్పను. ఆడుతున్నది మాత్రం నిజం. ఏప్రిల్‌లో పెద్దాయన బదులు దిగాను, మళ్ళీ బెంచీ మీదికి వెళ్ళలేదు. నూట పద్దెనిమిది మ్యాచ్‌లు. కొట్టడంలో నేను గొప్పవాణ్ణేమీ కాదు. కానీ మూడో బేస్ పక్కనుంచి దూసుకుపోయే నేలబారు బంతిని వెనక్కి దూకి పట్టి, మోకాలి మీద నుంచే ఒకటో బేస్‌కి విసురుతాను. స్టేడియంలో జనం లేస్తారు. అది తొషియొ పద్ధతి. నాకెప్పుడూ వచ్చేది కాదు. ఇప్పుడు చెయ్యి దానంతటదే వెళుతుంది. "ఈ పట్టు ఎక్కడ నేర్చుకున్నావురా" అని కెప్టెన్ అడిగాడు. చెప్పలేదు.

ఒక్క సంగతి నాకు అర్థం కావడం లేదు. అత్త క్షమించాక ఆ గొంతు ఆగిపోతుందనుకున్నాను. ఆగలేదు. ఇంకా దగ్గరికి వచ్చింది. ఇప్పుడు అర క్షణం ఆలస్యంగా రావడం లేదు, నాకంటే ముందే వస్తోంది. నేను నోరు తెరిచేలోపు నా మాట వినబడుతుంది, నేను పెదాలు కదుపుతాను, అంతే. జనానికి తేడా తెలియదు. అన్నీ తెలిసి వాడి అమ్మే వదిలేసింది, వాడు ఎందుకు వదలడం లేదు? నీకేమైనా తోస్తే చెప్పు.

అత్తకి ఒక ఉత్తరం రాశాను. క్షమించినందుకు దండం పెట్టి, ఆ రోజు సంగతి మళ్ళీ ఒకసారి మొదటినుంచి రాశాను. నువ్వు ఇప్పుడు ఊళ్ళో లేవనీ హకొదాతెలో ఉన్నావనీ మన ఊరి స్టేషన్ మాస్టరు రాశాడు. నాకు చెప్పనే లేదు నువ్వు. అత్తకి బియ్యం కొట్టు వాళ్ళ కోడలు చదివి పెడుతుందట. వచ్చే నెల పదో తారీఖున పోస్టు చేస్తాను.

మొరిహికొ


హకొదాతె
1967 అక్టోబరు 4, ఎక్స్‌ప్రెస్

అన్నయ్యా,

ఆ ఉత్తరం పోస్టు చెయ్యకు. చేసి ఉంటే బియ్యం కొట్టుకి టెలిగ్రామ్ ఇచ్చి ఆపించు. నేను ఆవిడకి చదవలేదు.

చదవడానికే వెళ్ళాను. వారం రోజులు సాధన చేశాను, ఎక్కడా గొంతు వణక్కూడదని. మొరి ఉత్తరం అనగానే అత్త చేతులు కడుక్కుంది. చేపల వాసన పోవాలని నిమ్మతొక్కతో రుద్దుకుంది. ఉతికిన ఏప్రాన్ కట్టుకుని, ఫొటోలో ఉన్న తొషియొకి కనబడేలా కొంచెం పక్కకి జరిగి కూర్చుంది. "వాడు కూడా వింటాడు. గట్టిగా చదువు" అంది.

గట్టిగానే మొదలుపెట్టాను. జంట సంగతి చదివాను. లెక్క మళ్ళీ మొదటికి రావడం చదివాను. "వాడి గొంతులోంచి ఏమీ రాలేదు" అన్న వాక్యం దగ్గరికి వచ్చాను. అత్త తల ఊపుతోంది, తర్వాతి మాట తనకి తెలిసినట్టు. నా నోట్లోంచి ఏం వచ్చిందో తెలుసా? "అయినా వాడు అరిచాడు అత్తా. నేను పక్కనే ఉండి విన్నాను." కాగితం మీద లేని మాట. అక్కడినుంచి పేజీ చివరిదాకా అన్నీ నేనే అల్లుకుంటూ పోయాను. నీ పేరు పెట్టి ముగించాను. ఆవిడ కాగితం తీసుకుని నుదుటికి ఆనించుకుంది.

నిన్ను ఎన్ని మాటలన్నాను. నల్ల కోటువాణ్ణి ఎన్ని మాటలన్నాను. ఫోర్‌మన్‌తో, కార్మిక శాఖతో అందరితో కొట్లాడాను, ఒక ముసలావిడ ముందు ఒక్క వాక్యం చదవలేకపోయాను. నువ్వు వాడి బదులు అరిచావు, నేను నీ బదులు చదివాను. ఇద్దరం ఒకే పని చేశాం.

ఆ తర్వాత అత్త కనబడితే పక్క సందులోంచి వెళ్ళేదాన్ని. అందుకే సముద్రం దాటి ఇంత దూరం వచ్చి సాల్మన్ చేపల తలలు నరుకుతున్నాను. కొత్త చోటని నాలుక ముడుచుకుని కూర్చోలేదులే, ఇక్కడ కూడా ఫోర్‌మన్‌తో పడడం లేదు. కానీ మాట్లాడుతున్నప్పుడు మధ్యలో ఆగిపోతున్నాను. ఇంత గట్టిగా అరుస్తున్నది ఎవరు అనిపిస్తోంది.

వాడు నిన్ను ఎందుకు వదలడం లేదని అడిగావు. నీ కబురు ఇంకా వాళ్ళింటికి చేరలేదు. అందుకు.

ఉత్తరం వద్దు. ఇంకొకరి నోరు వద్దు. నువ్వు వెళ్ళు.

నొబుయె


చోషి
1967 నవంబరు 17

నొబుయెకి,

వచ్చాను. మన ఇంట్లోనే కూర్చుని రాస్తున్నాను.

వచ్చే ముందు క్లబ్ ఆఫీసుకి వెళ్ళాను. కిందటేడు సంతకం చేసిన కాగితం తప్పని, ఆ పిలుపులు నావని ఇంకో కాగితం రాసి ఇచ్చాను. నకలు కార్మిక శాఖకి పంపాను. "నీకు పిచ్చి పట్టిందా? వచ్చే ఏడాది ఆల్‌స్టార్ జట్టుకి నీ పేరు వెళుతోంది" అన్నాడు మేనేజరు. కోచ్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. "నేనూ అలాగే పెరిగానురా" అన్నాడు, అంతే. వారం తర్వాత పత్రికలో క్లబ్ తీసేసిన ఆటగాళ్ళ జాబితా వచ్చింది. నా పేరు నాలుగోది. మొదటి జట్టులో ఒకే ఒక్క ఏడాది. ఇంకో క్లబ్ తీసుకుంటుందని నేను అనుకోవడం లేదు.

అత్త వాకిట్లో ముల్లంగులు జతలు కట్టి దండెం మీద వేలాడదీస్తోంది.

"ఏరా మొరి, ఇలా చిక్కిపోయావేం? మొదటి జట్టులో అన్నం పెట్టరా?"

"పెడతారు అత్తా. నీకొక మాట చెప్పాలి."

"చెప్పు. ఊరికే నిలబడి చెప్పకు. ఆ తాడు కొస పట్టుకో."

తాడు కొస పట్టుకుని చెప్పాను. నువ్వు చదివిన ఉత్తరంలో ఉన్న మాటలు నీవని, నేను రాసినవి వేరే అని కూడా చెప్పాను. ఆవిడ ముడులు వేస్తూనే ఉంది. నేను ఆగిపోయాక కూడా నాలుగైదు జతలు కట్టింది.

"వాడు తన నోటితో అడిగింది ఎన్నిసార్లు?" అంది.

"ఆ మూడో లెక్కలో అరవై రెండు."

"లెక్క తప్పలేదు కదా?"

"తప్పలేదు అత్తా. ఏడాదిపైగా రోజూ లెక్కపెడుతున్నాను."

"అరవై మూడోదానికి ఏమన్నాడు?"

నీకు రాసిన ఉత్తరంలో కూడా ఇది రాయలేదు నొబుయె. నా వైపు చూశాడని రాశాను, అక్కడితో ఆపేశాను.

"మాట రాలేదు. నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు."

"అంటే?"

"వద్దని."

"నువ్వు చూశావు."

"చూశాను. చూసి కూడా అరిచాను."

అత్త చేతిలో ముల్లంగి కింద పెట్టింది. నన్ను కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది. అరుగు మీద కూర్చుంది.

"వద్దన్నాడన్నమాట" అంది. మళ్ళీ అంది. "వద్దనే అన్నాడు."

తర్వాత నాతో కాదు, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు చెప్పింది. "బల్ల దగ్గర అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. ఇంటికొచ్చి రోజూ పొద్దున్నే వాడి ముందు నీళ్ళు పెట్టి తిట్టాను. అన్నిసార్లు మరొక్కటి మరొక్కటి అని అడిగావు కదరా, ఇంటి దగ్గర అమ్మ ఒకతి ఉందని ఒక్కసారైనా గుర్తు రాలేదా, నాకంటే ఆ బంతే ఎక్కువైందా అని. ఒక్క రోజు మానలేదు. వాడు పాపం అరవై రెండు దగ్గరే వద్దన్నాడు. ఇంటికి వద్దామనే అనుకున్నాడు."

"అత్తా," అన్నాను.

"నువ్వు మాట్లాడకు. నీ సంగతి రేపు. నీకు నేను వెయ్యాల్సిన శిక్ష చాలా ఉంది, అది రేపు. నీ చెల్లెలికి కూడా ఉంది. ఇవాళ వాడితో నాకు పని ఉంది. ముందు వాడికి చెప్పుకోవాలి."

లోపలికి వెళ్ళి తలుపు లాగేసుకుంది. నేను బయట మిగిలిన ముల్లంగులు కట్టాను. తలుపు వెనక ఆవిడ మాట్లాడుతోంది. ఒక మాట అని ఆగేది. అవతలివాడు జవాబు చెప్పేదాకా కాచుకున్నట్టు ఆగి, మళ్ళీ మాట్లాడేది. ఒకసారి నవ్వింది కూడా. నేను ఊపిరి బిగబట్టి విన్నాను. ఆవిడ గొంతు తప్ప నాకు ఇంకేమీ వినబడలేదు. ఈ పదిహేను నెలల్లో నాకు ఏమీ వినబడకపోవడం ఇదే మొదటిసారి. ఇప్పుడు వాడు ఆవిడతో మాట్లాడుతున్నాడు కాబోలు.

తలుపు లోపలినుంచే, రేపు పొద్దున్న తొమ్మిదింటికి రమ్మంది. ఏమంటుందో తెలియదు. వెళుతున్నాను. నీకు వెయ్యాల్సింది కూడా ఉందంది కాబట్టి నువ్వు బయలుదేరు. పడవకీ రైలుకీ కలిపి రెండు రోజులు పడుతుంది. నీ వంతు నేను పడను.

మొరిహికొ